ఖాళీ బరువు

గుత్తి దాటి, కోటకొండ వెనకబడినాక
పెట్రోలు బంకు పక్కన రేకుల గదిలో నేనుంటా.
పన్నెండేండ్లుగా నా పని బరువు చెప్పడం.
శెనక్కాయలు, నాపరాళ్ళు, సిమెంటు, ఉల్లిగడ్డలు,
ఒకసారి గుడికి పోయే రాతి నంది.
ఎర్ర అంకెలు వెలుగుతాయి, చీటీ బయటికొస్తుంది,
వంద తీసుకుంటా.
లోపలేముందో అడగను.
అడగకపోవడం గూడా పనేనని
మొదటి రోజే యజమాని చెప్పినాడు.

ఆ రాత్రి వచ్చిన లారీకి పట్టా కొత్తది, తాళ్ళు కొత్తవి.
బిల్లులో 'ఇనుప విడిభాగాలు'.
డ్రైవరు మహబూబ్ పీరా పాత పరిచయం,
టీ గ్లాసుతో నా కిటికీ దగ్గర నిలబడి
"ఫిరంగి గుండ్ల గుల్లలప్పా. మందు అవతల కూరుతారంట.
రేవు దాకా నాది, ఆ పైన ఓడది" అన్నాడు.
యా దేశానికని అడిగితే
"తెలీదు. ఏదైనా పిల్లోళ్ళుండే దేశమే గదా."

ఈ మాట ఊర్లోకి ఎట్ల పోయిందో
పోలీసులడిగితే తెలీదన్నా.
ఇక్కడ గూడా అంతే రాస్తా.

తెల్లారి అయిదుకు ఏడుగురు వచ్చినారు.
జెండా లేదు, మైకు లేదు.
ముందర కుళ్ళాయమ్మ.
ఇరవై ఏండ్ల కింద మొగుడు బస్సు దిగుతుంటే
నాటుబాంబు ఆయన కోసమే కాచుకోనుంది.
ఆ సంగతి ఆమె చెప్పదు,
బస్సు మాత్రం ఇప్పటికీ ఎక్కదు.
ఎంత దూరమైనా నడుస్తుంది.
ఆమె వెనక హమాలీ సుంకన్న, కుడిచేతికి రెండే వేళ్ళు.
చిన్నప్పుడు జొన్నచేలో సుతిలి చుట్టిన ఉండ దొరికితే
బంతి అనుకున్నాడు.
"బంతి గాదు" అని నవ్వుతాడు, ప్రతిసారీ అక్కడే ఆపేస్తాడు.
రైల్వేలో రిటైరైన దేవసహాయం సారు, నీళ్ళ క్యానుతో.
మిగతా నలుగురూ బీడీలు చుట్టే ఆడోళ్ళు,
ఒకామె చంకలో బిడ్డ.

లారీ ఇంకా ఎక్కలేదు.
వాళ్ళొచ్చి తూకం పలక మీద కూచున్నారు.
వద్దనడానికి కిటికీ తెరిచినా.
అంతలో ఎర్ర అంకెలు కదిలినాయి:
మూడు వందల ఎనభై.
మా యంత్రానికి పది కిలోల లెక్కే తెలుసు.
చంకలో బిడ్డ దానికి ఆనదు.

ఎస్సై వచ్చినాడు.
"మీకేం సంబంధమమ్మా? ఆ దేశం పేరన్నా తెలుసునా?"
"పేరెందుకు నాయనా" అనింది కుళ్ళాయమ్మ,
"బాంబు పడినాక వాకిట్లో నీళ్ళు పోసి కడుగుతారు సూడు,
ఆ నీళ్ళు యా పక్కకు పారతాయో నాకు తెలుసు."
ఎస్సై కాసేపు బూట్లు చూసుకున్నాడు.
ఆయనది యా ఊరో నేనడగలేదు.

ఎండెక్కింది. ఇనుప పలక కాలింది.
పీరా ఎనిమిది ఉగ్గాని పొట్లాలు కట్టించి పంపినాడు,
తను మాత్రం లారీ నీడ దాటి రాలేదు.

పదకొండుకు వ్యాను.
ఒక్కొక్కర్నీ లేపుకొని పోతాంటే అంకె దిగింది.
మూడొందల ఇరవై. రెండొందల డెబ్బై.
చివర్లో కుళ్ళాయమ్మ ఒక్కతే, నలభై.
వ్యాను ఎక్కనంది. స్టేషనుకు నడుస్తానంది.
హైవే అంచున ముందర ఆమె,
వెనక జీపు, ఆమె నడకంత నిదానంగా.
పలక మీద సున్నా.

లారీ తూగింది, పోయింది.
అబద్ధమెందుకు, పోయింది.
ఆరు గంటలు ఆలస్యంగా.
ఆరు గంటలంటే ఎంత సారూ అని
తర్వాతొక రోజు టీ కొట్టు దగ్గర సుంకన్న అడిగితే
దేవసహాయం సారు వేళ్ళు లెక్కబెట్టి
"ఒక పిల్లోడు బడికి పోయి ఇల్లు చేరేంత" అన్నాడు.

వాళ్ళు కూచున్నప్పుడు ఒక చీటీ తీసినా, ఎవరూ అడక్కుండానే.
బండి నంబరు దగ్గర ఏం కొట్టాలో తెలీక వదిలేసినా.
సరుకు దగ్గరా ఏమీ లేదు.
ఖాళీ బరువు: 380.
ఆ కాగితం మీద అక్షరాలు నిలవవు, వెలిసిపోతాయి.
అప్పుడప్పుడూ పెన్నుతో దిద్దుతుంటా.
మొన్న దిద్దేటప్పుడు సున్నాను నాలుగు చేసినా,
బిడ్డకు.
పన్నెండేండ్లలో నేను మార్చిన తూకం ఇదొక్కటే.

నన్ను కలపలేదు.
నేను కిటికీకి ఇవతలే ఉన్నా.